స్టేట్ మారనప్పుడు బాణం ఎలా గీయాలి? వ్యాపార పనుల్లో సెల్ఫ్ ట్రాన్సిషన్

రొయ్యల గుంట సాగులో ఉంది. సాయంత్రం మేత వేశారు. గుంట ఇంకా సాగులోనే ఉంది. మరి స్టేట్ మెషిన్ బొమ్మలో, అంటే ఒక వస్తువు ఉండే స్థితులను (స్టేట్‌లను) డబ్బాలుగా, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడాన్ని బాణాలుగా చూపే బొమ్మలో, ‘మేత వేశారు’ అనే ఈవెంట్‌కు బాణం గీయాలా? గీస్తే అది ఎక్కడికి పోవాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు మేత డీలర్లకు, గ్రానైట్ ఫ్యాక్టరీలకు, రైతు సంఘాలకు సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలు తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. చాలామంది ‘సాగులో’ డబ్బా నుంచి బయల్దేరి అదే డబ్బాలోకి తిరిగొచ్చే గుండ్రటి బాణం ఒకటి గీసేసి ముందుకెళ్లిపోతారు. బొమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది. పంట 45వ రోజున స్క్రీన్ మీద ‘పంట వయసు 0 రోజులు’ అని కనబడే దాకా ఆ బాణం ఏం చేసిందో ఎవరికీ తెలియదు.

గుండ్రటి బాణం అంటే ఆ స్టేట్ నుంచి బయటికొచ్చి, లోపలికి వెళ్లేటప్పుడు చేసే పనులన్నీ మళ్లీ చేసి, తిరిగి అందులోకే వెళ్లడం. కాబట్టి బాణం గీసే ముందు తేల్చుకోవాల్సింది ఇది: ఏ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవ్వాలి, ఏది ఆగకుండా సాగిపోవాలి? కింద చెప్పిన పద్ధతంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఆ పని రోజూ చేసే మనిషి ఒకరు కావాలి. గుంట దగ్గర సూపర్‌వైజరో, డీలర్ కొట్లో గుమాస్తానో. యజమానితో మాట్లాడితే సరిపోదు. పని ఎలా జరగాలో యజమాని చెబుతారు, ఎలా జరుగుతోందో గుమాస్తా చెబుతారు. ఇక పూర్తయిన ఒక పంటకు సంబంధించిన చిట్టా పుస్తకం, పోనీ దాని ఫోటోలు. మీరు అనుకుంటున్న స్టేట్‌ల జాబితా. కాగితం, పెన్సిల్. మీరు వాడే టూల్ పేరుతో పాటు దాని వెర్షన్ నంబర్. వెర్షన్ ఎందుకో 6వ మెట్టులో తెలుస్తుంది.

తెలిసి ఉండాల్సిన కొంచెం సిద్ధాంతం

స్టేట్‌లోకి వచ్చేటప్పుడు జరిగేది ఎంట్రీ యాక్షన్. వదిలి వెళ్లేటప్పుడు జరిగేది ఎగ్జిట్ యాక్షన్. బాణాన్నే ట్రాన్సిషన్ అంటారు, దాని మీద రాసే పని ట్రాన్సిషన్ యాక్షన్. యూఎంఎల్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ బొమ్మలు గీసే ప్రామాణిక పద్ధతిలో, స్టేట్ మారకుండా ఈవెంట్‌ను పట్టుకోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

మొదటిది ఎక్స్‌టర్నల్ సెల్ఫ్ ట్రాన్సిషన్, అంటే ఆ గుండ్రటి బాణం. ముందు ఎగ్జిట్, తర్వాత బాణం మీది పని, ఆ తర్వాత ఎంట్రీ, ఈ వరుసలో జరుగుతాయి. స్టేట్‌కు కట్టిన టైమర్ రద్దై కొత్తది మొదలవుతుంది. లోపల చిన్న స్టేట్‌లు ఉంటే అవి కూడా మొదటికి వెళ్తాయి.

రెండోది ఇంటర్నల్ ట్రాన్సిషన్. దీనికి బాణమే ఉండదు, డబ్బా లోపల ఒక వాక్యంగా రాస్తారు. ఈవెంట్ వస్తుంది, చెప్పిన పని జరుగుతుంది, అంతే. ఎంట్రీ, ఎగ్జిట్, టైమర్ దేన్నీ అది తాకదు.

లోకల్ ట్రాన్సిషన్ అని మూడోది కూడా ఉంది. లోపల చిన్న స్టేట్‌లున్న పెద్ద డబ్బాలకే దానితో అవసరం. ప్రస్తుతానికి ఈ రెండూ చాలు.

1. చిట్టా పుస్తకం నుంచి ఈవెంట్లు రాయండి

స్టేట్ మారే ఈవెంట్లు అందరికీ గుర్తుంటాయి. మారనివే జారిపోతాయి. అందుకే పుస్తకం ముందు పెట్టుకుని, ఒక స్టేట్‌లో ఉండగా రాసిన ప్రతి వరుసనూ ఈవెంట్‌గా మార్చండి. ‘సాగులో’ స్టేట్‌కు అలా రాస్తే ఇవి వస్తాయి:

- మేత వేశారు
- చెక్ ట్రే చూశారు, అంటే మేత ఎంత తిన్నాయో పళ్లెంలో చూశారు
- నీటి పరీక్ష రాశారు
- వల వేసి కౌంట్ చూశారు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలో చూశారు
- కొంత సరుకు పట్టారు, అంటే పార్షియల్ పట్టుబడి
- రొయ్య పిల్ల మళ్లీ వదిలారు
- మొత్తం పట్టుబడి మొదలైంది

చివరిదానికి స్టేట్ మారుతుంది. మిగతా ఆరూ మన పని.

‘అప్‌డేట్ చేశారు’, ‘సేవ్ నొక్కారు’ లాంటివి ఈవెంట్లుగా రాయకండి. అవి బటన్ల పేర్లు. మేత వేయడం, కౌంట్ చూడడం రెండూ ఒకే ‘అప్‌డేట్’ కింద పడితే ఒకదానికి టైమర్ మళ్లీ మొదలవ్వాలనీ ఇంకొకదానికి కూడదనీ చెప్పే వీలే ఉండదు. గుంట దగ్గర ఏం జరిగిందో అదే పేరు పెట్టండి.

2. ఎంట్రీ, ఎగ్జిట్ పనులు బయటపెట్టండి

ఇది తప్పకుండా చేయాల్సిన మెట్టు. జనం ఎక్కువగా వదిలేసేది కూడా దీన్నే. ‘సాగులో’కి వచ్చినప్పుడు మీ ప్రోగ్రాం ఏమేం చేస్తుందో రాయండి. ఉదాహరణకు: పిల్ల వదిలిన తేదీ నమోదు, పంట వయసు లెక్క మొదలు, మొదటి నెల బ్లైండ్ ఫీడ్ (చెక్ ట్రే చూడకుండా వయసును బట్టి వేసే మేత) పట్టిక తెరవడం, కౌంట్ చూడమని రిమైండర్ పెట్టడం. ‘సాగులో’ వదిలి వెళ్లేటప్పుడు: మిగిలిన రిమైండర్లు రద్దు, అప్పటిదాకా ఇచ్చిన మేతకు బిల్లు తయారీ, రైతు ఫోన్‌కు మెసేజ్.

ఇప్పుడు ‘మేత వేశారు’కు గుండ్రటి బాణం ఉందనుకోండి. వనామి రకం రొయ్యల గుంటలో రోజుకు నాలుగు పూటలు మేత వేస్తారు. అంటే రోజుకు నాలుగుసార్లు రైతుకు చివరి బిల్లు మెసేజ్ వెళ్తుంది, నాలుగుసార్లు పంట వయసు సున్నా అవుతుంది, రెండు నెలల పంటకు కూడా బ్లైండ్ ఫీడ్ పట్టికే తెరుచుకుంటుంది. మేత ఖర్చే సాగులో పెద్ద ఖర్చు. అక్కడ తప్పు పట్టిక చూపిస్తే నష్టపోయేది రైతు.

ఎంట్రీ యాక్షన్ ఏదీ లేదు కాబట్టి ఏ బాణమైనా ఒకటే అని కొందరంటారు. ఈరోజుకు అది నిజమే. ఆరు నెలల తర్వాత ఇంకొకరు వచ్చి ఆ స్టేట్‌కు ఒక మెసేజో టైమరో తగిలిస్తారు. అప్పుడు పాత గుండ్రటి బాణాలన్నీ ఒక్కసారిగా పని మొదలుపెడతాయి. ఎంట్రీ ఖాళీగా ఉన్నా సరైన రకమే గీయండి.

3. ఒక్కో ఈవెంట్‌కు ‘ఏది మళ్లీ మొదలవ్వాలి?’ అని అడగండి

ఈ ప్రశ్న మీలో మీరు అడుక్కోవద్దు, ఆ సూపర్‌వైజర్‌నే అడగండి. సాంకేతిక పదాలేవీ వాడకుండా ఇలా అడగండి: “అన్నా, మేత వేశాక ఏదైనా మొదటి నుంచి లెక్కపెడతారా?” ఆయన “లేదబ్బా, మేత కిలోలు కలుపుకుంటూ పోతాం, అంతే” అంటాడు. మీ జవాబు దొరికింది, అది ఇంటర్నల్. చెక్ ట్రే, నీటి పరీక్ష కూడా ఇంటర్నలే.

జవాబు ‘అన్నీ మొదటి నుంచే’ అయితే ఎక్స్‌టర్నల్. ‘కొన్ని మాత్రమే’ అయితే 4వ మెట్టుకు వెళ్లండి. మన దగ్గర వచ్చే చిక్కుల్లో చాలావరకు ఈ మూడో జవాబు దగ్గరే ఉంటాయి.

నిజంగా గుండ్రటి బాణం కావాల్సిన చోట్లు రెండు చూద్దాం.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో ఒక బ్లాకు కొలతలు రాసి ఆమోదానికి పంపారు. ఇద్దరు ఆమోదించాలి, ఒకరు ఆమోదించారు. ఇంతలో కొనుగోలుదారుడి మనిషి వచ్చి బ్లాకు మళ్లీ కొలిపించాడు, కొలత తగ్గింది. ఇప్పటికీ స్టేట్ ‘ఆమోదం కోసం’ అనే ఉంది. కానీ మొదటివారు ఆమోదించింది పాత కొలతను. ‘మళ్లీ కొలిచారు’ను ఇంటర్నల్‌గా రాస్తే పాత ఆమోదం కొత్త కొలతకు అంటుకుపోతుంది. రెండో సంతకం పడగానే ఒకరు చూడని కొలతతో లారీ కదులుతుంది. ఇక్కడ ఎక్స్‌టర్నల్ గీయాలి. ఎంట్రీ యాక్షన్‌లో ఆమోదాల జాబితా ఖాళీ చేయాలి, ఇద్దరికీ మళ్లీ కబురు వెళ్లాలి. ఆమోదం మధ్యలో కాగితం మారే ప్రతి వ్యాపారానికీ, లోను దరఖాస్తైనా కొటేషనైనా, ఇదే వర్తిస్తుంది.

రెండోది డీలర్ అరువు ఖాతా. ‘బాకీ ఉంది’ స్టేట్‌లోకి రాగానే 30 రోజుల టైమర్ మొదలవుతుంది, గడువు దాటితే మెసేజ్ పోతుంది. 20వ రోజున రైతు అడిగితే డీలర్ గడువు పెంచాడు. స్టేట్ అదే, టైమర్ మాత్రం కొత్తగా 30 రోజులు నడవాలి. ఇదీ ఎక్స్‌టర్నలే.

ఒక జాగ్రత్త. వడ్డీ లెక్కకు ‘ఈ స్టేట్‌లోకి వచ్చిన తేదీ’ని వాడకండి. గడువు పెంచగానే ఆ తేదీ మారిపోతుంది, 20 రోజుల వడ్డీ మాయమవుతుంది. వడ్డీ మొదలయ్యే తేదీ సరుకు ఇచ్చిన రోజునే ఖాతాలో విడిగా రాసి పెట్టాలి. అలాగే రైతు బాకీలో కొంత జమ చేస్తే గడువు మళ్లీ మొదలవుతుందా? కొన్ని కొట్లలో అవుతుంది, కొన్నింట్లో కాదు. మీరు ఊహించకండి, డీలర్‌నే అడిగి రాసుకోండి.

4. సగం మొదలవ్వాలి, సగం కూడదు అన్నప్పుడు

‘కౌంట్ చూశారు’ తీసుకోండి. కౌంట్ చూశాక తర్వాతి కౌంట్ రిమైండర్ కొత్తగా మొదలవ్వాలి. పంట వయసు మాత్రం కదలకూడదు. మొత్తం స్టేట్‌కు గుండ్రటి బాణం గీస్తే వయసు పోతుంది, ఇంటర్నల్‌గా రాస్తే రిమైండర్ మొదలవదు.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. మొదటిది: ‘సాగులో’ లోపల పక్కపక్కన నడిచే రెండు భాగాలు పెట్టండి. ఒకటి మేత దశ: బ్లైండ్ ఫీడ్, ఆ తర్వాత చెక్ ట్రే ప్రకారం మేత. రెండోది కౌంట్ గడువు. ‘కౌంట్ చూశారు’ గుండ్రటి బాణం ఈ రెండో భాగంలోని చిన్న స్టేట్‌కు మాత్రమే గీస్తారు. దాని టైమర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, మిగతావి తెలియనట్టే ఉంటాయి.

రెండోది: మళ్లీ మొదలవ్వకూడనివాటిని ఎంట్రీ యాక్షన్ నుంచే తీసేయండి. పిల్ల వదిలిన తేదీని ‘సిద్ధం’ నుంచి ‘సాగులో’కి వచ్చే బాణం మీద రాయండి. పంట వయసును ఎక్కడా దాచకండి, చూపించేటప్పుడు ఈరోజు తేదీ నుంచి ఆ తేదీ తీసేయండి. నా మటుకు చిన్న ఆఫీసులకు ఇదే మేలు. పక్కపక్క భాగాలు చూడ్డానికి పద్ధతిగా ఉంటాయి కానీ తర్వాత వచ్చే మనిషి చదివి అర్థం చేసుకోవడం కష్టం. ఒక్క తేదీ మార్పుతో తీరే పనికి అంత బొమ్మ అక్కర్లేదు.

పార్షియల్ పట్టుబడి కూడా ఇలాంటిదే. కొంత సరుకు తీసేశాక గుంటలో రొయ్యల సంఖ్య తగ్గుతుంది కాబట్టి మేత పట్టిక మళ్లీ లెక్కవేయాలి. వయసు అలాగే ఉండాలి. తేదీని బాణం మీదికి మార్చారనుకోండి, ఎంట్రీ యాక్షన్‌లో ‘ఉన్న రొయ్యల సంఖ్యను బట్టి మేత పట్టిక వేయి’ అన్న పని ఉంటే, పార్షియల్‌కు గుండ్రటి బాణం హాయిగా సరిపోతుంది. ఎగ్జిట్‌లో ఉన్న చివరి బిల్లు, మెసేజ్ పనిని మాత్రం అక్కణ్నుంచి తీసి ‘మొత్తం పట్టుబడి’ బాణం మీదికి మార్చాలి. దాన్ని మరిచిపోకండి.

లోపల చిన్న స్టేట్‌లున్న పెద్ద స్టేట్‌కు గుండ్రటి బాణం గీస్తే లోపలి దశ మొదటికి పోతుందని ముందే చెప్పాను. పోకూడదంటే హిస్టరీ గుర్తు వాడాలి. అంటే ‘ఇంతకుముందు లోపల ఎక్కడున్నావో అక్కడికే వెళ్లు’ అని. డేవిడ్ హారెల్ 1987లో స్టేట్‌చార్ట్‌ల పద్ధతిని ప్రచురించినప్పటి నుంచీ ఈ గుర్తు ఉంది, చాలా టూల్స్‌లో దొరుకుతుంది.

5. గుండ్రటి బాణం కాకూడనివి ఏరేయండి

కొన్ని ఈవెంట్లు స్టేట్ మారనట్టే కనబడతాయి. నిజానికి అక్కడ మీరు రాయని ఇంకో స్టేట్ దాగి ఉంటుంది.

పొగాకు బేలునే చూడండి. టంగుటూరు, కొండపి, పొదిలి, ఏ వేలం కేంద్రమైనా సరే, తెచ్చిన ప్రతి బేలూ ఆ రోజే అమ్ముడుపోదు. కొనకపోతే రైతు దాన్ని వెనక్కి తీసుకెళ్లి మరో రోజు తెస్తాడు. రైతు సంఘం కోసం లెక్కల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ‘వేలంలో’ అనే స్టేట్‌కు ‘నో బిడ్’ అనే గుండ్రటి బాణం గీస్తుంటారు. ఆగి చూడండి. నో బిడ్ తర్వాత ఆ బేలు వేలం కేంద్రంలో ఉందా, రైతు ఇంట్లో ఉందా? ఇంట్లో ఉంటే రవాణా ఖర్చు మళ్లీ పడుతుంది, నిల్వలో తేమ చూసుకోవాలి, మళ్లీ తెచ్చే తేదీ కావాలి. ఆ సమయంలో చేయగలిగిన పనులు వేరు, చేసే మనుషులు వేరు. అంటే ‘ఇంటి దగ్గర’ అనే స్టేట్ ఒకటి ఉంది. బాణం అక్కడికి వెళ్లి, ‘మళ్లీ తెచ్చారు’ అనే ఈవెంట్‌తో వెనక్కి రావాలి.

గుర్తుపట్టడానికి ఒక చిన్న పరీక్ష. ఈవెంట్ జరిగిన మర్నాడు ఉదయం ఆ వస్తువు ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది, దానితో ఏం చేయొచ్చు అని అడగండి. ఈ మూడింటికీ ఈవెంట్ ముందు చెప్పిన జవాబులే వస్తే సెల్ఫ్ ట్రాన్సిషన్. ఒక్కటి మారినా కొత్త స్టేట్ ఉందేమో చూడండి.

ఇంకో రకం ‘పిల్ల మళ్లీ వదిలారు’. వదిలిన కొద్ది రోజులకే పిల్ల పోతే అదే గుంటలో కొత్త పిల్ల వదులుతారు. వయసు సున్నా అవుతుంది, పట్టిక మొదటికి వెళ్తుంది, కాబట్టి ఎక్స్‌టర్నల్ సెల్ఫ్ ట్రాన్సిషన్‌కు ఇదే మంచి ఉదాహరణ అనిపిస్తుంది. డీలర్‌ను అడగండి: పోయిన పిల్ల ఖర్చు, దానికి వేసిన మేత కొత్త పంట ఖాతాలో కలుపుతారా, విడిగా మూసేస్తారా? విడిగా మూసేస్తామంటే పాత పంట రికార్డు ‘నష్టపోయింది’ అనే చివరి స్టేట్‌కు వెళ్లాలి, కొత్త పంటకు కొత్త రికార్డు పుట్టాలి. గుంట ఒకటే అయినా పంటలు రెండు. మీ స్టేట్ మెషిన్ గుంటదా, పంటదా అన్న ప్రశ్న కూడా ఇక్కడే బయటపడుతుంది. ఇది తేలేదాకా ముందుకు వెళ్లకండి.

6. గార్డు, హద్దు, ఆపై టూల్‌లో రాయడం

గుండ్రటి బాణానికి హద్దు ఉండాలి. ‘గడువు రెండుసార్లకు మించి పెంచకూడదు’ అన్నది డీలర్ నియమం అనుకుందాం. గార్డు, అంటే బాణం నడవాలంటే నిజం కావాల్సిన షరతు, ‘పొడిగింపులు 2 కంటే తక్కువ’. గార్డును చూసేది యాక్షన్ కంటే ముందు. అంటే మొదటిసారి లెక్క 0, అనుమతి, 1 అవుతుంది. రెండోసారి 1, అనుమతి, 2 అవుతుంది. మూడోసారి 2, తిరస్కారం. ‘2 లేదా తక్కువ’ అని రాస్తే మూడోసారి కూడా దాటిపోతుంది.

దీనికంటే పెద్ద తప్పు ఆ లెక్కను ఎంట్రీ యాక్షన్‌లో సున్నా చేయడం. ప్రతి పొడిగింపూ ఎంట్రీని పిలుస్తుంది, ఎంట్రీ లెక్కను తుడిచేస్తుంది, హద్దు ఎప్పటికీ తగలదు. లెక్కను ఖాతా తెరిచినప్పుడే సున్నా చేయండి.

గార్డు కాదంటే ఏం జరగాలో కూడా రాయండి. దారి ఏదీ లేకపోతే యూఎంఎల్ ప్రకారం ఆ ఈవెంట్ చప్పుడు లేకుండా పోతుంది. గుమాస్తా బటన్ నొక్కుతూనే ఉంటాడు, ఏమీ జరగదు. ‘హద్దు దాటింది’ అనే గార్డుతో ‘యజమాని నిర్ణయం’ అనే స్టేట్‌కు రెండో బాణం పెట్టండి.

ఈవెంట్ లేకుండా గార్డు ఒక్కదాని మీద నడిచే గుండ్రటి బాణం అసలు గీయకండి. గార్డు నిజమైనంత సేపూ అది తిరుగుతూనే ఉంటుంది, సర్వర్ బిగుసుకుపోతుంది. ఎంట్రీ యాక్షన్ లోపల నుంచి అదే ఈవెంట్‌ను మళ్లీ పంపినా ఫలితం అదే.

కౌంట్ మీద గార్డు రాసేవాళ్లకు ఒక మాట. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు అని. 100 కౌంట్ అంటే సగటున 10 గ్రాములు, 50 కౌంట్ అంటే 20 గ్రాములు. రొయ్య పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. ‘కౌంట్ 50 దాటితే పట్టుబడికి సిద్ధం’ అని రాస్తే పిల్ల రొయ్యలన్నీ సిద్ధమైపోతాయి.

టూల్స్ సంగతి. ఒకే బొమ్మను ఒక్కో టూల్ ఒక్కోలా చదువుతుంది.

ఎస్‌సీఎక్స్ఎంఎల్‌లో, అంటే స్టేట్ మెషిన్‌లు రాయడానికి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2015లో సిఫారసు చేసిన రూపంలో, ట్రాన్సిషన్‌కు టార్గెట్ (చేరాల్సిన స్టేట్) రాయకపోతే ఎంట్రీ, ఎగ్జిట్ జరగవు. అదే స్టేట్ పేరును టార్గెట్‌గా రాస్తే రెండూ జరుగుతాయి.

ఎక్స్‌స్టేట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడేవాళ్లు బాగా జాగ్రత్తగా ఉండాలి. 4వ వెర్షన్‌లో తన పేరునే టార్గెట్‌గా ఇస్తే స్టేట్‌లోకి మళ్లీ ప్రవేశించేది. 2023 డిసెంబర్‌లో వచ్చిన 5వ వెర్షన్‌లో మామూలుగా అలా జరగదు. మళ్లీ ప్రవేశించాలంటే ‘రీఎంటర్’ అనే గుర్తును ‘ట్రూ’ అని పెట్టాలి. పాత ప్రాజెక్టును కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు ఎర్రర్ ఏదీ కనబడకుండానే మీ 30 రోజుల టైమర్లు మళ్లీ మొదలవడం మానేస్తాయి.

జావా వాళ్లు వాడే స్ప్రింగ్ స్టేట్ మెషిన్‌లో ‘విత్ ఎక్స్‌టర్నల్’, ‘విత్ ఇంటర్నల్’ అని విడిగా ఉంటాయి, అయోమయం తక్కువ. బీపీఎంఎన్ బొమ్మలు (వ్యాపార పనుల వరుసను చూపే బొమ్మలు) వాడే ఆఫీసుల్లో స్టేట్‌లు ఉండవు, టాస్కులు ఉంటాయి. అక్కడ టాస్కు అంచున, టాస్కును ఆపకుండా నడిచే రకం బౌండరీ ఈవెంట్ పెడితే ఇంటర్నల్ లాంటిది, గీతలు గీతలుగా ఉండే జంట వలయం గుర్తు దానిదే. ఆపే రకం పెట్టి దాని బాణాన్ని అదే టాస్కుకు తిప్పితే ఎక్స్‌టర్నల్ లాంటిది. పాత టాస్కు రద్దై కొత్తది పుడుతుంది, గడువు కూడా కొత్తగా మొదలవుతుంది.

7. డేటాబేస్ వైపు రెండు గోతులు

మన దగ్గర చాలా సాఫ్ట్‌వేర్లకు ఏ లైబ్రరీ ఉండదు. ఒక స్టేటస్ కాలమ్, ఒక హిస్టరీ టేబుల్, అంతే. దాంతో కూడా పని బాగానే జరుగుతుంది, ఈ రెండు చోట్ల తప్ప.

హిస్టరీ టేబుల్‌ను నింపే ట్రిగ్గర్ (డేటా మారగానే దానంతటదే నడిచే కోడ్) ‘పాత స్టేటస్, కొత్త స్టేటస్ వేరైతేనే రాయి’ అని ఉంటుంది. సెల్ఫ్ ట్రాన్సిషన్‌లో రెండూ ఒకటే కాబట్టి వరుస పడదు. గడువు ఎవరు పెంచారు, ఎప్పుడు పెంచారు అని తగాదా వస్తే చూపించడానికి ఏమీ ఉండదు. హిస్టరీని స్టేటస్ మార్పు మీద కాకుండా ఈవెంట్ మీద రాయండి: ఈవెంట్ పేరు, ముందు స్టేట్, తర్వాతి స్టేట్, ఎవరు, ఎప్పుడు. దాంతో పాటు ‘మొదటిసారి వచ్చిన తేదీ’, ‘చివరిసారి వచ్చిన తేదీ’ రెండూ ఉంచండి. ‘ఈ బాకీ ఎన్నాళ్లుగా ఉంది’ అన్న రిపోర్టు మొదటిదాన్ని చూడాలి, గడువు టైమర్ రెండోదాన్ని చూడాలి. ఈ రెండూ కలిసిపోతే ఏడాది పాత బాకీ కూడా పది రోజులదిగా కనబడుతుంది.

రెండో గొయ్యి ఒకే పద్దు రెండుసార్లు పడడం. మామూలు ట్రాన్సిషన్‌లో గుమాస్తా రెండుసార్లు నొక్కినా నష్టం లేదు. మొదటి నొక్కుతో స్టేట్ మారిపోతుంది, రెండోది చెల్లదు. సెల్ఫ్ ట్రాన్సిషన్‌కు ఆ రక్షణ లేదు. సముద్రం వైపు గుంటల దగ్గర సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. ఫోన్ జవాబు రాలేదని అదే ఈవెంట్‌ను మళ్లీ పంపుతుంది. స్టేట్ ఇంకా ‘సాగులో’నే కాబట్టి సర్వర్ సంతోషంగా రెండోసారి కూడా తీసుకుంటుంది. 25 కిలోల బస్తా 50 కిలోలై రైతు ఖాతాలో పడుతుంది. దీనికి మందు: ఫోన్‌లో నొక్కిన క్షణంలోనే ఈవెంట్‌కు ఒక నంబర్ పుట్టాలి, మళ్లీ పంపినా అదే నంబర్ వెళ్లాలి, డేటాబేస్‌లో ఆ నంబర్ రెండోసారి పడకుండా కట్టడి ఉండాలి. ‘అయిదు నిమిషాల్లో అదే మేత వస్తే వదిలేయి’ లాంటి ఉపాయాలు వద్దు. పక్క గుంటకు తీసుకెళ్లిన బస్తా పొరపాటున ఈ గుంట కింద రాసి, దిద్దుకుని మళ్లీ రాసే సందర్భాలు నిజంగా ఉంటాయి.

8. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ముందు లాగ్ పరీక్ష. ఎంట్రీ, ఎగ్జిట్, బాణం మీది పని, మూడింటిలోనూ ఒక్కో లాగ్ వరుస పెట్టండి. ‘మళ్లీ కొలిచారు’ పంపితే ఎగ్జిట్, పని, ఎంట్రీ వరుసలో మూడు రావాలి. ‘మేత వేశారు’ పంపితే ఒక్కటే రావాలి. మూడు వస్తే రకం తప్పు.

తర్వాత తేదీలు జరిపే పరీక్ష. టైమర్ కోసం నెల రోజులు ఎదురుచూడలేం కదా, టెస్టులో గడియారాన్ని మీ చేతిలోకి తీసుకోండి. అరువు ఖాతా తెరవండి, 20వ రోజుకు జరపండి, గడువు పెంచండి. 30వ రోజుకు జరపండి, మెసేజ్ రాకూడదు. 50వ రోజుకు జరపండి, సరిగ్గా ఒక్క మెసేజ్ రావాలి. 30వ రోజున కూడా వచ్చిందంటే పాత టైమర్ రద్దవలేదు. 30న వచ్చి 50న రాలేదంటే మీరు గీసింది ఇంటర్నల్. ఈ పరీక్ష మధ్యలో, 25వ రోజున, సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ నడపండి. టైమర్‌ను మెమరీలో మాత్రమే ఉంచే ప్రోగ్రాంలు ఇక్కడ దొరికిపోతాయి. సర్వర్ లేవగానే ఎంట్రీ యాక్షన్ మళ్లీ నడిచి మెసేజ్ పోయిందా అన్నది కూడా చూడండి. ఉన్న స్టేట్‌ను తిరిగి లోడ్ చేయడం ప్రవేశించినట్టు లెక్క కాకూడదు.

మూడోది రెట్టింపు పరీక్ష. ప్రతి సెల్ఫ్ ఈవెంట్‌నూ ఒకే నంబర్‌తో రెండుసార్లు పంపండి, ఫలితం ఒక్కసారి పంపినట్టే ఉండాలి. వేర్వేరు నంబర్లతో పంపితే రెండూ పడాలి. ఈ రెండో సగాన్ని వదిలేస్తే మధ్యాహ్నం, సాయంత్రం వేసిన ఒకే బరువు మేతలో ఒకటి మాయమయ్యే ప్రమాదం ఉంది.

చివరిగా, పూర్తయిన ఆ పంట చిట్టా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి వరుసగా ఈవెంట్లుగా పంపండి. పంట వయసు, మొత్తం మేత కిలోలు, చివరి బిల్లు పుస్తకంలోని అంకెలతో కలవాలి. కలవని చోట వెంటనే కోడ్ దిద్దకుండా ఆ పేజీని సూపర్‌వైజర్‌కు చూపించి ఆ రోజు ఏం జరిగిందో అడగండి. తప్పు మీ బాణంలో ఉండొచ్చు, లేదా ఆ రోజు రెండు గుంటల సరుకు ఒకే పద్దు కింద రాసి ఉండొచ్చు. అలాంటి పద్దు దొరికితే అది 1వ మెట్టు జాబితాలో లేని ఇంకో ఈవెంట్. దానికి పేరు పెట్టి, 3వ మెట్టు ప్రశ్న దాన్ని కూడా అడగండి.